సైలెన్సర్ మారితే కార్బురేటర్ లెక్క ఎందుకు తప్పుతుంది?

కంపెనీ సైలెన్సర్ తీసేసి ఫ్రీ ఫ్లో గొట్టం, ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ బిగించిన బుల్లెట్లు మన ఊళ్లలో కొల్లలు. బిగించిన రోజు శబ్దం చెవుల నిండా ఉంటుంది కాబట్టి పికప్ కూడా పెరిగినట్టే తోస్తుంది. వారం తిరిగేసరికి అసలు సంగతులు బయటపడతాయి. థ్రాటిల్ వదలగానే సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు. పొద్దున చోక్ లాగితే తప్ప ఇంజిన్ నిలబడదు. యాభైలో నిలకడగా పోతుంటే బండి ఉండుండి వెనక్కి తగ్గి మళ్లీ ముందుకు దూకుతుంది. బెండ్ పైపు నీలం తిరుగుతుంది. "జెట్ మార్చాలి" అంటాడు మెకానిక్. ఏ జెట్, ఎంత మార్చాలి, అసలెందుకు మార్చాలి అన్న మాటలు అక్కడ చాలాసార్లు రానే రావు. ఒకటి వేస్తారు, నడిపి చూస్తారు, ఇంకొకటి వేస్తారు. కార్బురేటర్ దేన్ని చూసి పెట్రోలు వదులుతుందో తెలిస్తే ఈ వెతుకులాటలో చాలా భాగం అక్కర్లేదు.

లెక్కకు ఒక బండి ఉండాలి కాబట్టి ఆ బుల్లెట్ల కుటుంబంలోని క్లాసిక్ 350ని తీసుకుందాం. 2009లో వచ్చింది. 2020లో బీఎస్-6 నిబంధనల వల్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేదాకా కార్బురేటర్‌తోనే నడిచింది. 346 సీసీల ఒంటి సిలిండర్, 29 మిల్లీమీటర్ల కార్బురేటర్. ఎక్కువ శక్తినిచ్చే 5,250 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి 2,625 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ 85 శాతం నిండుతుందనుకుంటే సెకనుకు దాదాపు 13 లీటర్ల గాలి. పూర్తి శక్తి కావాలంటే 13 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు కలవాలి. అంటే నిమిషానికి 90 మిల్లీలీటర్లు, ఒక్కో పీల్పుకి ఒక మిల్లీలీటరులో ముప్పయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఒక చుక్కలో అది కొంత భాగమే. ఇంత చిన్న కొలతను సెకనుకు దాదాపు నలభై నాలుగు సార్లు, ఏ కంప్యూటరూ లేకుండా ఒక ఇత్తడి రంధ్రం కొలిచి ఇస్తోంది. నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆ పరికరం మీద గౌరవం పెరుగుతుంది.

ఆ కొలత వెనుక ఉన్నది డేనియల్ బెర్నౌలీ 1738లో అచ్చువేసిన సూత్రం. గాలి వేగం పెరిగిన చోట దాని పీడనం తగ్గుతుంది. దారి ఇరుకైన చోట ప్రవాహం ఎలా ఉంటుందో ఇటలీకి చెందిన వెంచూరి 1797లో రాశాడు. కార్బురేటర్ మధ్యలోని ఇరుకు భాగాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. పెట్రోలును సన్నని తుంపరగా గాలిలో కలిపే పద్ధతిని 1893లో జర్మనీలో మేబాఖ్, హంగరీలో బాంకి, చోంకా ఎవరికి వారుగా రూపొందించారు. ఆ తర్వాత చేరిన హంగులు ఎన్ని ఉన్నా పనిచేసే సూత్రం మారలేదు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది. ఫిల్టర్ మార్చినవాళ్లకు దొరికే వివరణ సాధారణంగా ఇది: "గాలి ఎక్కువ వస్తోంది, పెట్రోలు పాతంతే వస్తోంది, అందుకే లీన్ అయింది." లీన్ అంటే గాలికి తగినంత పెట్రోలు లేని మిశ్రమం. ఈ మాట వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. గాలి పది శాతం పెరిగితే వెంచూరిలో పీడనం తగ్గుదల అంతకు వర్గం లెక్కన, అంటే ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. జెట్ గుండా వచ్చే పెట్రోలు పీడన భేదానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే పది శాతం. రెండూ సమానంగా పెరిగాయి, నిష్పత్తి చెడలేదు. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోలు ఇవ్వడం కార్బురేటర్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. మరి లీన్ ఎందుకవుతోంది?

జవాబు కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచి ఉండే ఫ్లోట్ గిన్నె దగ్గర ఉంది. చాలా బండ్లలో ఆ గిన్నె పైభాగం సన్నని గొట్టం ద్వారా బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది. పెట్రోలును జెట్‌లోంచి పైకి నెట్టేది ఆ బయటి గాలి పీడనమే. బయటి పీడనానికీ వెంచూరిలోని పీడనానికీ మధ్య తేడా ఎంతో, పెట్రోలు అంత. మన క్లాసిక్‌లో గాలి పీల్చే క్షణంలో వెంచూరి దగ్గర వేగం సెకనుకు 75-80 మీటర్ల దాకా పోతుంది. దానివల్ల వచ్చే పీడనం తగ్గుదల దాదాపు 35 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. కంపెనీ ఫిల్టరూ, దాని డబ్బా మూతీ గాలిని అడ్డుకుని మరో 5 సెంటీమీటర్లు తగ్గిస్తాయనుకుందాం. అప్పుడు జెట్‌కు అందే మొత్తం తేడా 40. కంపెనీవాళ్లు జెట్ సైజు ఎంచుకున్నది ఈ 40కి. కోన్ ఫిల్టర్ పెట్టగానే ఆ 5 పోయింది, మిగిలింది 35. దీని ప్రకారం పెట్రోలు ఆరున్నర శాతం తగ్గుతుంది, 13 ఉన్న నిష్పత్తి 13.9కి చేరుతుంది. పాత ఫిల్టర్ గాలిని అడ్డుకుంటూనే జెట్‌కు సాయం చేస్తోంది. ఆ సాయం పోవడమే లీన్ కావడానికి కారణం.

ఇది అర్థమైతే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. ఫిల్టర్ దగ్గర పీడనం తగ్గేది గాలి జోరుగా పోతున్నప్పుడే. ఐడ్లింగ్‌లో గాలి అతి తక్కువ, ఫిల్టర్ అడ్డు లేనట్టే లెక్క. కాబట్టి కోన్ ఫిల్టర్ దెబ్బ ఎక్కువగా తగిలేది ఫుల్ థ్రాటిల్‌ను చూసే మెయిన్ జెట్‌కు, ఆ తర్వాత మధ్య థ్రాటిల్‌ను చూసే నీడిల్‌కు. ఐడ్లింగ్‌ను చూసే స్లో జెట్‌కు తగిలేది నామమాత్రం. మెయిన్ జెట్‌తో పాటు స్లో జెట్ కూడా రెండు మూడు సైజులు పెంచేసే అలవాటు వల్లనే ఫిల్టర్ మార్చిన బండ్లు సిగ్నళ్ల దగ్గర పెట్రోలు వాసన కొడుతూ నల్లటి పొగ వదులుతుంటాయి.

సైలెన్సర్ కథ వేరు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే వేడి వాయువుతో పాటు ఒక పీడన తరంగం గొట్టంలోకి దూకుతుంది. వేడి వాయువులో శబ్ద వేగం సెకనుకు 500 మీటర్లకు పైనే. ఆ తరంగం గొట్టం వెడల్పయ్యే చోట తిరగబడి, ఈసారి తక్కువ పీడనపు తరంగంగా వాల్వ్ దగ్గరికి వెనక్కి వస్తుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉండే సమయానికి అది చేరితే మిగిలిన పొగను లాగేసి, కొత్త మిశ్రమాన్ని లోపలికి పిలుస్తుంది. ఆ సమయం తప్పితే ఇంజిన్ ఊపిరి తగ్గుతుంది. 4,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనులో 24 డిగ్రీలు తిరుగుతుంది. ఒక మీటరు గొట్టంలో తరంగం పోయి రావడానికి నాలుగు మిల్లీసెకన్లు. గొట్టం పొడవు, లోపలి అరల అమరిక మారితే తరంగం వచ్చే వేళే మారిపోతుంది. అందుకే ఫ్రీ ఫ్లో గొట్టం ఒక వేగంలో శక్తి పెంచి, ఇంకో వేగంలో తగ్గిస్తుంది. అన్ని వేగాల్లోనూ పెంచే గొట్టం లేదు.

సైలెన్సర్ ఒక్కటే మార్చి ఫిల్టర్ డబ్బాను కదల్చకపోతే కార్బురేటర్ చాలావరకు సర్దుకుంటుంది. స్లో జెట్ మిశ్రమాన్ని సర్దే స్క్రూ తిప్పడం, మహా అయితే మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచడం చాలు. కానీ థ్రాటిల్ వదిలినప్పటి పేలుళ్లు మాత్రం సైలెన్సర్ మార్చడం వల్లనే మొదలవుతాయి. థ్రాటిల్ మూయగానే సిలిండర్‌కు అందే మిశ్రమం పలచబడి ఒక్కోసారి అంటుకోదు. కాలని పెట్రోలు ఆవిరి అలాగే గొట్టంలోకి పోతుంది. బెండ్ పైపు హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే అక్కడినుంచి తాజా గాలి లోపలికి వస్తుంది. తర్వాతి మంటతో రెండూ కలిసి సైలెన్సర్‌లోనే కాలతాయి. కాబట్టి పేలుళ్లు వినగానే ముట్టుకోవాల్సింది జెట్‌ను కాదు, ఆ గ్యాస్కెట్‌ను. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, గుడ్డతో సైలెన్సర్ చివరను కాసేపు మూస్తే జాయింట్ దగ్గర లీకు బుస్సుమని వినిపిస్తుంది. పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వాడిన బండ్లలో ఇది తరచూ కనిపించేదే. కొన్ని బండ్లలో పొగను శుభ్రం చేయడానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఏర్పాటు కంపెనీయే పెడుతుంది. దాని వాల్వ్ పాడైనా ఇవే పేలుళ్లు.

ఇక వెతికే పద్ధతి. జెట్‌కు ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఇన్‌లెట్ రబ్బరు పగిలిందా, క్లాంపు వదులైందా చూడాలి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ రబ్బరు చుట్టూ సన్నగా నీళ్లు చిమ్మితే, లీకు ఉన్నచోట ఇంజిన్ శబ్దం మారుతుంది. వేడి ఇంజిన్ దగ్గర పెట్రోలు, క్లీనర్ స్ప్రేలు చిమ్మి చూడటం ప్రమాదం, వద్దు. ప్లగ్ గ్యాప్ చూడాలి. మిగతా బండ్లయితే ట్యాపెట్ గ్యాప్ కూడా చూడాలి, క్లాసిక్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు కాబట్టి ఆ పని లేదు.

క్లాసిక్‌లాంటి బండ్లలోని వ్యాక్యూమ్ కార్బురేటర్‌కు ప్రత్యేకంగా రెండు బలహీనతలు ఉన్నాయి. మన చెయ్యి తిప్పేది సీతాకోకచిలుక రెక్కలాంటి పలకను మాత్రమే. నీడిల్‌ను పైకెత్తే స్లైడ్ గాలి పీడనంతో దానంతటదే లేస్తుంది. దాన్ని లేపేది పల్చని రబ్బరు డయాఫ్రమ్. జెట్ మార్చడానికి కార్బురేటర్ విప్పి మళ్లీ మూసేటప్పుడు ఆ రబ్బరు అంచు నలిగితే, లేదా సూదిమొనంత చిల్లు పడితే, స్లైడ్ సగమే లేస్తుంది. పికప్ చచ్చిపోతుంది. దాన్ని మెయిన్ జెట్ లోపమనుకుని సైజు పెంచుకుంటూ పోతే బండి ఇంకా మొండికేస్తుంది. పరీక్ష తేలికే. వేలితో స్లైడ్‌ను పైకి లేపి, డయాఫ్రమ్ కింది గాలి రంధ్రాన్ని మూసి వదిలితే అది నెమ్మదిగా దిగాలి, టక్కున పడకూడదు. రెండో బలహీనత కార్బురేటర్ నోటి అంచున ఉండే చిన్న గాలి రంధ్రాలే. కొన్ని కోన్ ఫిల్టర్ల రబ్బరు మెడ లోపలికి మందంగా ఉండి వాటిని కప్పేస్తుంది. డయాఫ్రమ్‌కూ స్లో జెట్‌కూ గాలి అందించేవి అవే. అవి మూసుకుంటే ఎంత ట్యూనింగ్ చేసినా బండి దారికి రాదు. ఫిల్టర్ కొనేటప్పుడే మెడ లోపల చూసుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాకే జెట్లు. హ్యాండిల్ గ్రిప్ మీద ఒక గీత, దాని పక్కన థ్రాటిల్ హౌసింగ్ మీద పావు, సగం, ముప్పావు, పూర్తి దగ్గర గుర్తులు పెట్టుకోవాలి. తప్పు ఏ గుర్తు దగ్గర వస్తోందో చూడాలి, స్పీడోమీటర్ చూసి లాభం లేదు. మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా స్లో జెట్, స్క్రూలదే పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. ఆపైన మెయిన్ జెట్‌ది. స్లైడ్‌ను కేబుల్ నేరుగా లాగే పాత కార్బురేటర్లలో ఈ హద్దులు ఇంకా స్పష్టంగా ఉంటాయి.

తప్పు ఉన్న చోటే థ్రాటిల్‌ను నిలిపి, చోక్‌ను కొద్దిగా లాగండి. బండి తేరుకుంటే లీన్. ఇంకా ముక్కితే రిచ్, అంటే గాలికి మించి పెట్రోలు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను మించింది నాకు కనిపించలేదు. లీన్ బండి చల్లగా ఉన్నప్పుడు మొండిగా ఉండి వేడెక్కాక కాస్త మెరుగవుతుంది. థ్రాటిల్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు. రిచ్ బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కే కొద్దీ మందకొడిగా అవుతుంది. ప్లగ్ రంగు చూసే పద్ధతి ఉంది గానీ అందులో ఒక మెలిక ఉంది. ఇటుకరంగు ప్లగ్ మంచిదన్న పాఠం సీసం కలిసిన పెట్రోలు రోజుల్లోది. మన దేశంలో సీసం 2000లో పోయింది. ఇప్పటి పెట్రోలు ప్లగ్ మీద ఆ రంగు అంత తేలికగా పట్టదు, తెల్లగా ఉన్నంత మాత్రాన లీన్ అని తీర్పు చెప్పేయకూడదు. పింగాణీ అడుగున, లోతున కనిపించే సన్నని మసి వలయం నమ్మదగ్గది.

ఇంకో ఆధారం చాలామంది డిక్కీలో పడేసి మరిచిపోతారు. పొల్యూషన్ సర్టిఫికెట్ మీద ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ శాతం రాసి ఉంటుంది. సైలెన్సర్‌లో కెటలిటిక్ కన్వర్టర్ లేకపోతే ఆ అంకె స్లో జెట్ మిశ్రమాన్ని నేరుగా చూపిస్తుంది. చాలా తక్కువుంటే లీన్, మూడు దాటితే రిచ్. స్క్రూ తిప్పి అదే యంత్రం దగ్గర మళ్లీ చూపించుకుంటే ఊహలతో పని ఉండదు. స్క్రూ విషయంలో ఒక జాగ్రత్త: అది ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ రిచ్, ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ లీన్. ఈ తేడా తెలియక తిప్పినవాళ్లు తప్పును రెట్టింపు చేసుకుంటారు.

వరుస మెయిన్ జెట్‌తో మొదలుపెట్టడం మేలు. నీడిల్ గుండా వచ్చే పెట్రోలు కూడా మెయిన్ జెట్ దాటే వస్తుంది కాబట్టి ముందు నీడిల్ సరిచేసి తర్వాత మెయిన్ మారిస్తే చేసిన పని వృథా. నీడిల్‌కు క్లిప్ గాడులుంటే ఒక గాడి కిందికి మార్చాలి, నీడిల్ పైకి లేస్తుంది. గాడులు లేని నీడిల్ అయితే దాని తల కింద అర మిల్లీమీటరు వాషర్ వేయాలి. చివరికి స్లో స్క్రూ. ఒక్కసారికి ఒక్కటే మార్పు.

జెట్ మీది అంకె కూడా అన్నిచోట్లా ఒకే అర్థం ఇవ్వదు. మికుని కంపెనీ పెద్ద మెయిన్ జెట్లలో ఆ అంకె ప్రవాహానిది. 100 తీసి 115 వేస్తే పెట్రోలు 15 శాతం పెరుగుతుంది. కీహిన్ కంపెనీ జెట్లలో అది రంధ్రం వ్యాసానిది. అక్కడ అదే 15 శాతం పెరగడానికి 100 నుంచి 107-108కి పోతే చాలు, ఎందుకంటే వైశాల్యం వ్యాసానికి వర్గం లెక్కన పెరుగుతుంది. ఈ వర్గమే తీగతో జెట్ పొడిచి శుభ్రం చేసే అలవాటును ప్రమాదకరం చేస్తోంది. 1.10 మిల్లీమీటర్ల రంధ్రం అరిగి 1.15 అయితే పెట్రోలు తొమ్మిది శాతం పెరుగుతుంది, జెట్ మీది అంకె మాత్రం పాతదే చూపిస్తుంది. జెట్‌ను గాలితో, క్లీనర్ ద్రవంతో మాత్రమే శుభ్రం చేయాలి.

ఇవాళ మన పెట్రోలే మారిపోయిందని కూడా గుర్తుంచుకోవాలి. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 మామూలైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ20లో బరువులో దాదాపు 7 శాతం ఆక్సిజనే. పూర్తిగా కాలడానికి మామూలు పెట్రోలుకు 14.7 రెట్లు గాలి కావాలి, ఈ20కి పదమూడున్నర చాలు. ఇథనాల్ లేని పెట్రోలుకు సరిపోయిన జెట్, ఈ20తో దాదాపు 8 శాతం లీన్ అవుతుంది. పైన లెక్కగట్టిన కోన్ ఫిల్టర్ నష్టం దీనికి తోడైతే 13 దగ్గర ఉండాల్సిన నిష్పత్తి పాత లెక్కలో 15 దాకా పోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఎండాకాలం హైవే మీద ఇది పిస్టన్‌కూ ఎగ్జాస్ట్ వాల్వ్‌కూ నిజమైన ప్రమాదం. టూ స్ట్రోక్ ఇంజిన్ అయితే పిస్టన్ సీజ్ అయ్యే దాకా పోవచ్చు. ఎప్పుడూ లేనిది బండి ఈమధ్యే వేడెక్కుతోందంటే ఈ20నూ కోన్ ఫిల్టర్‌నూ కలిపి చూడాలి.

వాతావరణం ఎదురు దిక్కులో పనిచేస్తుంది. గాలి పలచబడితే కార్బురేటర్ రిచ్ అవుతుంది, అదీ వర్గమూలం లెక్కనే. విశాఖ నుంచి హైదరాబాద్ వస్తే తేడా రెండు మూడు శాతం, ఎవరికీ తెలియదు. మే నెల ఎండలో సరిచేసిన బండి జనవరి చలిలో నాలుగైదు శాతం లీన్ అవుతుంది, చెవి పెడితే తెలుస్తుంది. లేహ్‌లో 3,500 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి 70 శాతమే. అక్కడ మిశ్రమం దాదాపు ఐదో వంతు రిచ్. కోన్ ఫిల్టర్ కోసం పెద్ద మెయిన్ జెట్ వేసుకుని లడఖ్ వెళ్లే బుల్లెట్లు కొండెక్కలేక నల్లపొగ కక్కేది అందుకే. పాత చిన్న జెట్‌ను టూల్ కిట్‌లో ఉంచుకుంటే దారిలోనే మార్చుకోవచ్చు.

చట్టం సంగతీ చెప్పాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అరిచే సైలెన్సర్లను పోలీసులు ఊడదీసి రోడ్డు రోలర్లతో తొక్కిస్తున్నారు. అర్ధరాత్రి ఆస్పత్రి వీధిలో ఆ శబ్దం విన్నవాళ్ల పక్షాన నేనున్నాను. శబ్దం పెరిగినంత మాత్రాన శక్తి పెరిగినట్టు కాదని పై లెక్కలే చెబుతున్నాయి.

అన్ని జెట్లూ సరిపోయాక కూడా కొన్ని బండ్లలో మధ్య వేగంలో ఒక గుంట మిగిలిపోతుంది. మూడువేల ఆర్‌పీఎం చుట్టుపక్కల బండి మూలుగుతుంది. చోక్ పరీక్షలో రిచ్ అంటుంది, నీడిల్ దించితే మిగతా చోట్లన్నీ లీన్ అవుతుంది. ఇది జెట్ తప్పు కాదు. ఒంటి సిలిండర్ గాలిని సాఫీగా పీల్చదు, ఒక్కసారి లాగి ఆపేస్తుంది. ఆగిన గాలి వెనక్కి తన్ని కార్బురేటర్ నోట్లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. అటు పోయినా ఇటు వచ్చినా వెంచూరిలో పీడనం తగ్గుతుంది, ప్రతిసారీ పెట్రోలు వస్తుంది. ఒకే గాలికి మూడుసార్లు పెట్రోలు కలిసినట్టు. ఇంజిన్ నడుస్తుండగా కోన్ ఫిల్టర్ లోపలి ముఖం పెట్రోలుతో తడిసి ఉంటే అది ఇదే. కంపెనీ డబ్బాలోని కొన్ని లీటర్ల గాలి ఈ తన్నుళ్లను మింగేసి ప్రవాహాన్ని నిలకడగా ఉంచేది. ఆ డబ్బా ఖాళీ ప్లాస్టిక్ కాదు, ఇంజనీర్లు కొలిచి పెట్టిన పరికరం. బండిలో అంత చవకగా, అంత ముఖ్యమైన పని చేసే భాగం ఇంకొకటి లేదని నా నమ్మకం. ఆ గుంట పోవాలంటే డబ్బా మళ్లీ బిగించి, లోపల గాలి బాగా ఆడే ఫిల్టర్ వేసి, మెయిన్ జెట్‌ను ఒకటి రెండు మెట్లు కిందికి తెచ్చి మళ్లీ ఫుల్ థ్రాటిల్ గుర్తు నుంచి మొదలుపెట్టాలి.